నిశ్చింత పొదిగిన బాతులు

సజీవ సరుకుల రవాణా నియంత్రణ మండలిలో ఇకమీదట ఎవరూ 'సర్వర్ డౌన్' అనకూడదని ఉత్తర్వు వచ్చింది. నోటితో అనకూడదు. రాసి చూపకూడదు. చెయ్యి ఊపకూడదు. ముఖం అదోలా పెట్టి కూడా తెలియజేయకూడదు. ఈ ఆఖరి ముక్క ఉత్తర్వులో విడిగా, లావుపాటి అక్షరాలతో ఉంది.

దాంతో ఏటి పాయమీది వంతెన దగ్గరి చెక్‌పోస్టులో గుమస్తా ఏసుపాదానికి చిక్కొచ్చిపడింది. అతనిది దాపరికం తెలియని ముఖం. సర్వర్ పడుకుంటే ముఖమూ పడుకుంటుంది. ఏం చేస్తాడు? కుర్చీ తిప్పుకుని గోడవైపు కూర్చోవడం మొదలుపెట్టాడు. పనిమీద వచ్చినవాళ్ళు అతని వీపుతో మాట్లాడి పోతుండేవారు.

ఆ పొద్దున పళ్ళాలమ్మ ఆ వీపు ముందు నిలబడింది.

పళ్ళాలమ్మది వంతెనకు అవతలి ఊరు. బాతులు మేపుతుంది. పోయిన వానాకాలం తెగులొచ్చి మందంతా పోయింది. ఖాళీ పాక చూస్తే ఆవిడకు అన్నం సయించేది కాదు. ఇవతలి ఒడ్డున ఆవిడ అన్న గుడ్లు పొదిగించే షెడ్డు నడుపుతాడు. పిల్లలయ్యే వేళ దగ్గరపడ్డ గుడ్లు ఏరి, గంపల్లో ఊక పోసి సర్ది, పైన గోనెలు కప్పి, ఆవిడ మరిది తాతబ్బాయి వ్యానులో ఎక్కించాడు.

"రేపు పొద్దుటికి లేచేత్తాయి చెల్లాయ్. ఈలోగా పాకకి చేర్చేసుకో. నీ గొంతు వినబడాల మరి" అన్నాడు.

గొంతు సంగతి ఏమిటంటే, బాతుపిల్ల పెంకులో ఉండగానే వింటుంది. పళ్ళాలమ్మకు అది వాళ్ళత్తగారు నేర్పిన పని. గుడ్లు చిట్లే ముందు గంప దగ్గర కూర్చుని 'దా దా దా' అంటూ ఉండాలి. పిల్ల ఆ పిలుపు పట్టుకునే బయటికొస్తుంది. ఇక బతికున్నంతకాలం ఆ పిలుపుకే వస్తుంది. వేరెవరు గొంతు చించుకున్నా తల తిప్పదు. కోసిన చేలో వదిలిన బాతు సాయంత్రం పాకకు తిరిగొస్తుందా, కంటికి కనబడకుండా పోతుందా అన్నది ఆ ఒక్క రోజులో తేలిపోతుంది. పాకలో బల్బులు వెలిగించి, తవుడు తడిపి, నీళ్ళ గాబు నింపి మరీ వచ్చింది పళ్ళాలమ్మ. వంతెన దాటడమే మిగిలింది.

"గుడ్లకి పర్మిట్టు కావాలండి" అంది.

వీపు వెనక్కి చెయ్యి చాపి ఆధార్ కార్డు అందుకుంది. టకటకా మీటలు నొక్కిన చప్పుడైంది. తెరమీద ఓ చక్రం తిరగడం మొదలైంది. తిరిగింది. ఇంకా తిరిగింది. పళ్ళాలమ్మ చూసి చూసి, "ఏవండీ, సర్వర్ లేదేటండి?" అంది.

వీపు ఉలిక్కిపడింది.

"అమ్మా, ఆ మాటనకు తల్లీ. ఉద్యోగం పోద్ది. ఏదున్నా ఆవిణ్ణడుగు."

"ఏవిణ్ణండి?"

వీపు బొటనవేలితో హాలు మధ్యకు చూపించింది.

అక్కడ బీరువా అంత యంత్రం ఉంది. మెడ ఉండాల్సినచోట వాడిపోయిన బంతిపూల దండ. నుదురు ఉండాల్సినచోట కుంకుమ. నెత్తిన పచ్చ బల్బు వెలుగుతోంది. పక్కనే ఎర్ర బల్బుకు కన్నం ఉందిగానీ బల్బు లేదు. అలాంటి అవసరం రాదని కొనలేదు.

ఆ యంత్రం పేరు నిశ్చింత. కృత్రిమ మేధ సహాయకురాలు. ఏ భాషలో అడిగినా తడుముకోకుండా జవాబు చెబుతుంది. దానికి 'నాడి' అనే పనిముట్టు తగిలించారు. మండలివారి ఆన్‌లైన్ సేవ నడుస్తోందా లేదా అని క్షణక్షణం చూసి చెప్పడం నాడి పని. అది వెబ్‌సైటు తలుపు తడుతుంది. తలుపు తెరుచుకుంటే నిశ్చింతకు చెబుతుంది. నిశ్చింత జనానికి చెబుతుంది. ఏర్పాటంతా బాగానే ఉంది. కాకపోతే తగిలించే రోజున ఇంజనీరు ఓ మాట అడిగాడు. "సైటులో చాలా పేజీలున్నాయండి. ఏ పేజీ తలుపు తట్టమంటారు?" మండలివారు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మొదటి పేజీ నిండా అదనపు సంచాలకులు భుజంగరావుగారి నిలువెత్తు ఫోటో ఉంది. ఆయన్ని కాదని వేరే పేజీ తట్టమని ఆయన ఎదుటే ఎవరంటారు? ఆ పేజీకే తగిలించారు.

భుజంగరావుగారి ఫోటో ఎప్పుడు తట్టినా తెరుచుకుంటుంది. ఆ ఫోటో వెనకాల పర్మిట్టు ఇచ్చే భాగం ఏనాడో కన్నుమూసింది. ఆ సంగతి నాడికి తెలియదు. తెలిసినవాళ్ళు చెప్పకూడదు.

పళ్ళాలమ్మ యంత్రం ముందుకు వెళ్ళి చేతులు జోడించింది.

"నమస్కారం. నేను నిశ్చింతను" అంది యంత్రం. చల్లని ఆడగొంతు. "మండలి సేవలన్నీ సజావుగా నడుస్తున్నాయి. దయచేసి వేచి ఉండండి."

"సజావుగా నడిత్తే నా పర్మిట్టు రాలేదేటి తల్లీ?"

"మీ వైపు ఏదైనా ఇబ్బంది ఉందేమో చూసుకోండి."

పళ్ళాలమ్మ తన వైపు చూసుకుంది. చీర బాగానే ఉంది. చెప్పులు బయటే వదిలింది. "నా వైపు ఏం లేదండీ" అంది.

"మీ అభిప్రాయం నమోదైంది. ధన్యవాదాలు. మండలి సేవలన్నీ సజావుగా నడుస్తున్నాయి. దయచేసి వేచి ఉండండి."

అరుగుమీద కూర్చున్న ముసలాయన కిసకిసా నవ్వాడు. మేకల లారీ సూరన్న. ఎప్పుడొచ్చాడో అతనికే గుర్తులేదు. అతని మేకలు మండలి ఆవరణలోని క్రోటన్లన్నీ తినేసి, ఇప్పుడు 'పచ్చదనం కాపాడండి' అని రాసిన అట్ట నములుతున్నాయి.

"కూకో తల్లీ" అన్నాడు. "నేనొచ్చినప్పుడు ఈ మేకల్లో సగం పుట్టనే లేదు."

ఇంతలో తలుపు తోసుకుని సూపరింటెండెంటు చయనులుగారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు. ఆయన మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది.

"అమ్మా! తమరి అసౌకర్యం మండలి దృష్టిలో ఉంది. అయితే సదరు అసౌకర్యానికి మూలం మండలి వైపున లేనట్లు నిర్ధారణ అయింది. సేవ ప్రవహిస్తోంది. స్వీకరించే సంసిద్ధత తమరి వైపున కొరవడింది."

"ఏం చెయ్యమంటారండి మరి?"

"ప్రాథమికంగా స్థలం మార్చి నిలబడండి."

పళ్ళాలమ్మ కిటికీ దగ్గర నిలబడింది. చక్రం తిరుగుతూనే ఉంది. తలుపు దగ్గర నిలబడింది. తిరుగుతూనే ఉంది. గాజులు తీసి చూడమన్నారు. జడ ముడి వేసుకోమన్నారు. తాతబ్బాయి ఒంటికాలిమీద కూడా నిలబడ్డాడు. అది ఎవరూ అడగలేదు.

"పోనీ వదినా, గేటుకింద నుంచి దూరి పోదారా?" అన్నాడు చెవిలో.

"వ్యానుతోనా?"

"ఆ, అదొకటుంది."

ఈ గొడవలో గంపలు వ్యానులోనే ఉండిపోయాయి. పాయమీంచి గాలి తోలుతోంది. పళ్ళాలమ్మ గోనెకింద చెయ్యి పెట్టి చూసింది. గుడ్లు చల్లబడుతున్నాయి.

"బాబ్బాబు, కాత్త ఎచ్చగా ఉండే తావు చూపించండి" అని వీపును బతిమాలింది.

ఏసుపాదం కాసేపు ఆలోచించాడు. హాలంతా ఏసీ. మనుషులకు కాదు, నిశ్చింతకు. అందరూ చలికి ముడుచుకుని కూర్చుంటారు. కానీ యంత్రం వీపువైపు ఓ జల్లెడ ఉంది. అందులోంచి ఎప్పుడూ గోరువెచ్చని గాలి వస్తూ ఉంటుంది. ఏసుపాదం తన అన్నం క్యారేజీ అక్కడే పెట్టుకుంటాడు.

"ఆవిడ ఎనకాల పెట్టెయ్యమ్మా. పొదుగు కోడి కూడా అంత ఎచ్చగా ఉండదు" అన్నాడు.

గంపలన్నీ తెచ్చి నిశ్చింత వెనకాల పెట్టారు. పళ్ళాలమ్మ చెయ్యి పెట్టి చూసింది. సరిగ్గా కావాల్సినంత వేడి. ప్రాణం లేచొచ్చింది. అక్కడే చతికిలబడి, "దా దా దా" అని మొదలుపెట్టింది.

"మండలి సేవలన్నీ సజావుగా నడుస్తున్నాయి. దయచేసి వేచి ఉండండి" అంది నిశ్చింత, ఆవిడ నెత్తిమీంచి.

పళ్ళాలమ్మ ఆగి, మళ్ళీ అంది. నిశ్చింత కూడా మళ్ళీ అంది. పళ్ళాలమ్మకు మధ్యలో దాహం వేస్తుంది, దగ్గు వస్తుంది, కునుకు పడుతుంది. నిశ్చింతకు అవేం లేవు.

మధ్యాహ్నం చయనులుగారు గంట కొట్టించారు. వినియోగదారుల సంసిద్ధతా శిబిరం అట. పైనుంచి ఆదేశం. వేచి ఉన్నవాళ్ళందర్నీ ఆవరణలో వరసగా నిలబెట్టారు.

"అందరూ తూర్పు ముఖంగా నిలబడాలి. దీర్ఘంగా ఊపిరి పీల్చాలి. కుడిచేతి బొటనవేలు పైకెత్తాలి. నేను సిద్ధం! నా వైపు ఇబ్బంది లేదు! అనండి."

"నేను సిద్ధం! నా వైపు ఇబ్బంది లేదు!"

"గట్టిగా! సేవ వినాలి!"

సూరన్న చెయ్యెత్తాడు. "అయ్యా, మేకలు కూడా అనాలాండి?"

చయనులుగారు ఫైలు తిరగేశారు. "సజీవ సరుకు పాల్గొనవచ్చును. నిర్బంధం లేదు" అన్నారు.

మేకలు పాల్గొన్నాయి. పళ్ళాలమ్మ మటుకు మొదటి ఊపిరికే వరస తప్పించుకుని గంపల దగ్గరికి పరిగెత్తింది.

ఆ రాత్రి అందరూ అక్కడే పడుకున్నారు. తెల్లారేసరికి గంపలోంచి 'టిక్' మని చప్పుడైంది. పళ్ళాలమ్మ గోనె ఎత్తింది. ఓ గుడ్డుకు పగులు. పగుల్లోంచి చిన్న ముక్కు. దాని పక్కన ఇంకోటి. ఆ గంపలో, ఈ గంపలో, టిక్ టిక్ మని వాన మొదలైనట్టు.

"లేచేత్తన్నాయిరా తాతబ్బాయ్!" అని కేకేసింది. సంతోషమో ఏడుపో ఆవిడకే తెలియలేదు.

చయనులుగారు వచ్చి, వంగి చూశారు. ముఖం గంభీరమైంది.

"తమరి దరఖాస్తులో సరుకు వివరం?"

"గుడ్లండి."

"ఇవి?"

"అయ్యేనండి."

"కాదు. ఇవి పక్షులు. దరఖాస్తుకూ భౌతిక సరుకుకూ పొంతన లేదు. పాతది రద్దు చేసుకుని పక్షుల వర్గంలో కొత్తది పెట్టుకోవాలి."

"రద్దు చేసెయ్యండి బాబూ."

చయనులుగారు ఏసుపాదం వీపుకేసి చూశారు. వీపు అడ్డంగా ఊగబోయి, ఉత్తర్వు గుర్తొచ్చి ఆగిపోయింది. రద్దు కావాలన్నా ఆ చక్రం ఆగాలిగా.

ఇంకో చిక్కు. కొన్ని గుడ్లు గుడ్లుగానే ఉన్నాయి. కొన్ని పిల్లలైపోయాయి. మధ్యలో ఓ మొండిఘటం తల ఒక్కటే బయట పెట్టి ఊరుకుంది. ఇది ఏ వర్గం? చయనులుగారికి ఎటూ పాలుపోక, గోడమీది పెద్ద తెరమీదికి భుజంగరావుగారిని పిలిచారు. అదనపు సంచాలకులు తెరనిండా ప్రత్యక్షమయ్యారు. వెబ్‌సైటులో ఫోటో ఎలా ఉందో అలాగే ఉన్నారు.

"సార్, ఒక సందిగ్ధ సరుకు. తల బయట, మిగతా భాగం లోపల. గుడ్డుగా పరిగణించాలా, పక్షిగా పరిగణించాలా?"

భుజంగరావుగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు.

"తల ఎటుంటే అటు. మన మండలిలో ఎప్పుడూ తలనే లెక్కలోకి తీసుకుంటాం."

"చిత్తం సార్. అయితే పక్షి." చయనులుగారు రాసుకోబోయి ఆగారు. "సార్... తల లోపలికి లాక్కుంది సార్."

"అంటే తన వైఖరి పునఃపరిశీలిస్తోందన్నమాట. వేచి చూడండి."

వాళ్ళు వేచి చూస్తుండగానే గంపలు పొంగాయి. పసుపుపచ్చటి ముద్దలు ఒకదానిమీదొకటి పడుతూ లేస్తూ గంపల అంచులెక్కి, నేలమీద దొర్లాయి. ఒళ్ళారినకొద్దీ పువ్వుల్లా విచ్చుకున్నాయి. పళ్ళాలమ్మ చీర కుచ్చెళ్ళు పరిచి కూర్చుని, చేతులు చాపి, గొంతులో ఉన్న ప్రేమంతా పెట్టి, "దా దా దా దా" అంది.

పిల్లలు ఆవిడవైపు చూడలేదు.

"మండలి సేవలన్నీ సజావుగా నడుస్తున్నాయి. దయచేసి వేచి ఉండండి" అంది నిశ్చింత.

అన్ని తలలూ ఒక్కసారి తిరిగాయి. అన్ని కాళ్ళూ ఒక్కసారి కదిలాయి. హాలు మధ్యకు పరిగెత్తి, యంత్రం చుట్టూ చేరి, అడుగుపీటను ఒరుసుకుని, ముక్కులెత్తి, కీచుకీచుమని బదులు చెప్పాయి.

"మీ అభిప్రాయం నమోదైంది. ధన్యవాదాలు" అంది నిశ్చింత.

పిల్లలు మళ్ళీ కీచుమన్నాయి. నిశ్చింత మళ్ళీ నమోదు చేసుకుంది. తల్లీ పిల్లల మాటలకు అంతులేకుండా పోయింది.

పళ్ళాలమ్మ చాపిన చేతులు అలాగే ఉండిపోయాయి.

తెరమీద మటుకు భుజంగరావుగారు కుర్చీలోంచి లేచిపోయారు. ఆయన పక్కనున్న ఇంకో తెరమీద ఏదో గీత పైపైకి పాకుతోంది.

"చయనులూ! ఏమిటిది? మీ కేంద్రంలో వినియోగదారుల స్పందన కట్టలు తెంచుకుంటోంది! ఎవరీ జనం? ఎక్కణ్ణించి వచ్చారు?"

"ఇప్పుడే వచ్చారు సార్. ఈ లోకంలోకి."

"ఫిర్యాదులు?"

"ఒక్కటీ లేదు సార్. అందరూ నిశ్చింతను అంటిపెట్టుకునే ఉన్నారు."

"చూశారా! సేవను అర్థం చేసుకునే తరం వస్తోందని నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాను. కమిషనర్‌గారు తనిఖీకి వస్తున్నారు. అప్పటిదాకా ఈ వినియోగదారుల్ని అక్కణ్ణించి కదలనివ్వకండి!"

పళ్ళాలమ్మ తెర ముందుకు ఉరికింది. "బాబూ, అయ్యి పసికూనలండి. నీళ్ళు తాగాల. తవుడు తినాల. నేలంతా చలువరాయి. ఇక్కడుంటే చచ్చిపోతాయండి!"

ఆవిడ మాట భుజంగరావుగారి చెవిన పడలేదు. ఆయన ఉత్సాహం ఆనకట్ట దాటేసింది.

"ఇంత ఫలితం ఇచ్చిన ఏర్పాటును సేవలకే ఎందుకు పరిమితం చెయ్యాలి? నాడిని సిబ్బందికి కూడా తగిలిస్తున్నాను. ఎవరు అందుబాటులో ఉన్నారో, ఎవరు లేరో నిశ్చింతే చెబుతుంది. ఆమె చెప్పిందే ఆఖరి మాట. ఇదిగో, నొక్కేస్తున్నాను."

నొక్కేశారు.

నాడి సిబ్బంది అందరికీ 'ఉన్నారా?' అని సందేశం పంపింది. 'ఉన్నాను' అని జవాబు నొక్కాలి. ఆ జవాబు పోయేది పర్మిట్లు ఇచ్చే దారినే. చయనులుగారు నొక్కారు. చక్రం తిరిగింది. ఇంకా నొక్కారు. ఇంకా తిరిగింది.

"సూపరింటెండెంటు చయనులుగారు అందుబాటులో లేరు" అంది నిశ్చింత. "గుమస్తా ఏసుపాదంగారు అందుబాటులో లేరు. మండలి సేవలన్నీ సజావుగా నడుస్తున్నాయి."

పిల్లలు సంతోషంగా కీచుమన్నాయి.

"నేనిక్కడే ఉన్నాను!" అని అరిచారు చయనులుగారు.

"మీ వైపు ఏదైనా ఇబ్బంది ఉందేమో చూసుకోండి."

"సార్! భుజంగరావుగారూ! నేను సార్, చయనుల్ని!"

తెరమీద భుజంగరావుగారు చిరాగ్గా చూశారు. "చయనులు అందుబాటులో లేరని నిశ్చింత స్పష్టంగా చెప్పింది. మీరెవరో గానీ లైను వదలండి. సిబ్బంది ఒక్కరూ లేకుండా సేవ ఇంత సజావుగా నడుస్తోంది! ఈ సంగతి కమిషనర్‌గారికి చెప్పాలి." తెర ఆరిపోయింది.

చయనులుగారు చొక్కా తడుముకున్నారు. చేతులు చూసుకున్నారు. ఫైలు బల్లమీద పెట్టి, మెల్లగా నడిచి వెళ్ళి అరుగుమీద సూరన్న పక్కన కూలబడ్డారు. సూరన్న కాస్త జరిగి చోటిచ్చాడు.

"ఏం పర్లేదండి బాబూ. మొదటి రోజు అలాగే ఉంటది" అన్నాడు.

ఏసుపాదం మాత్రం కుర్చీ గిర్రున ఇటు తిప్పాడు. ఉత్తర్వు సిబ్బందికి. తను అందుబాటులోనే లేడాయె. చాన్నాళ్ళకు అతని ముఖం చూసి అందరూ ఆశ్చర్యపోయారు. చక్కని ముఖం. కోరమీసం.

"అమ్మా! సర్వర్ లేదమ్మా!" అన్నాడు, గుండెలమీంచి బస్తా దించినట్టు. "నిన్నా లేదు, మొన్నా లేదు, ఆ బంతిపూల దండ వేసిన్నాడూ లేదు. నువ్విక్కడ కూకుంటే పర్మిట్టు రాదు."

"మరేటి దారి బాబూ?"

"నాకేం తెల్సు. ఈ చోట రూలు ఆవిడే చెప్పాల."

పళ్ళాలమ్మ లేచి, పిల్లల్ని తొక్కకుండా ఆచితూచి అడుగులేస్తూ యంత్రం ముందుకెళ్ళింది. కన్నపిల్లల్ని ఎగరేసుకుపోయిన సవతి ఎదట నిలబడ్డట్టుంది ఆవిడకు. అయినా గొంతు తగ్గించి అడిగింది.

"నడిచెళ్ళేవోళ్ళకి కూడా పర్మిట్టు కావాలా తల్లీ?"

"వాహనంలో తరలించే సజీవ సరుకుకు మాత్రమే అనుమతి అవసరం" అంది నిశ్చింత, తడుముకోకుండా. "సొంత కాళ్ళతో నడిచేవారు పాదచారులు. పాదచారులకు వంతెనపై స్వాగతం."

సూరన్న నోరు తెరుచుకుంది. తన మేకల కాళ్ళు ఒక్కసారి లెక్క చూసుకున్నట్టు ఆవరణకేసి చూశాడు.

"మళ్ళీ చెప్పు తల్లీ!" అన్నాడు.

నిశ్చింత మళ్ళీ చెప్పింది. ఆమె చెప్పిందే ఆఖరి మాట.

దారి దొరికింది గానీ, నడవాల్సినవాళ్ళు కదలరే! పళ్ళాలమ్మ బతిమాలింది. తాతబ్బాయి కండువాతో తోలాడు. రెండడుగులు వేసి, నిశ్చింత నోరు విప్పగానే తిరిగి పరుగు. గంపల్లోకి ఎత్తితే సరుకు అయిపోతాయి. యంత్రాన్ని తీసుకుపోదామంటే నేలకు బిగించి ఉంది.

అప్పుడు పోయింది కరెంటు. రోజూ ఆ వేళకు పోయేదే.

ఏసీ ఆగింది. నిశ్చింత వెచ్చటి ఊపిరి ఆగింది. గొంతు ఆగింది. పచ్చ బల్బుకు మటుకు విడిగా బ్యాటరీ ఉంది కాబట్టి అది వెలుగుతూనే ఉంది.

పిల్లలు ఓసారి యంత్రంకేసి ముక్కులెత్తి చూశాయి. తర్వాత తల్లి చచ్చిపోయినట్టు గొల్లుమన్నాయి. అటు పరిగెత్తి ఇటు పరిగెత్తి గోడలకు కొట్టుకుంటున్నాయి. పళ్ళాలమ్మకు ఏం తోచిందో, ఒక్కసారి గొంతెత్తింది.

"మండలి సేవలన్నీ సజావుగా నడుత్తన్నాయి నాయనా! వేచి ఉండండమ్మా!"

కొన్ని తలలు తిరిగాయి. అనుమానంగా చూసి, మళ్ళీ ఏడుపు అందుకున్నాయి.

"అలా కాదమ్మా." అరుగుమీంచి చయనులుగారి గొంతు. లేచి వచ్చారు. ముప్పై ఏళ్ళ ఉద్యోగం ఆ గొంతులో ఉంది. "తమరు ప్రేమ కలుపుతున్నారు. అది పనికిరాదు. ఎదుటివాడి ముఖం చూడకుండా అనాలి. 'సజావుగా' దగ్గర సాగదియ్యకూడదు. 'దయచేసి' అన్నచోట అసలు దయ వినబడకూడదు. ఇలా చూడండి." వెన్ను నిటారుగా పెట్టి, ఎదుటి గోడకేసి చూస్తూ అన్నారు. "మండలి సేవలన్నీ సజావుగా నడుస్తున్నాయి. దయచేసి వేచి ఉండండి."

పిల్లలన్నీ టక్కున ఆగాయి. చయనులుగారి బూట్లకేసి నడిచాయి. ఒకటి లేసు పట్టుకు లాగింది. ఇన్నేళ్ళుగా ఆ మాట అంటున్నారు ఆయన. విని దగ్గరికొచ్చినవాళ్ళు వీళ్ళే.

"నేర్పండి బాబూ" అంది పళ్ళాలమ్మ. "రేపట్నించి మీరు నా ఎంట ఉండరు గదా. నేనే అనాల."

చయనులుగారు నేర్పారు. మొదటిసారి 'నాయనా' వచ్చేసింది. తర్వాత కళ్ళలో ప్రేమ కనబడిందన్నారు. పళ్ళాలమ్మ కళ్ళు మూసుకుంది. ఖాళీ పాకను తలుచుకుంది. గోడను తలుచుకుంది. ఏసుపాదం వీపును తలుచుకుంది.

"మండలి సేవలన్నీ సజావుగా నడుస్తున్నాయి. దయచేసి వేచి ఉండండి."

కాళ్ళమీద మెత్తగా ఏదో తగిలింది. కళ్ళు తెరిచి చూస్తే పాదాలు కనబడలేదు. అంతా పసుపు.

"నడు వదినా, నడు! కరెంటొచ్చేత్తాది!" అని తాతబ్బాయి ఖాళీ గంపలు వ్యానులో పడేసి తెచ్చి గేటు దగ్గర నిలిపాడు. ఏసుపాదం గేటు ఎత్తాడు. అందుబాటులో లేని మనిషి గేటెత్తితే అడిగేదెవరు?

పళ్ళాలమ్మ ముందు నడిచింది. వెనకాల పిల్లలు, వంతెన వెడల్పునా. నాలుగడుగులకోసారి ఆవిడ ముందునించి అంటుంది, చివర్నించి చయనులుగారు అందుకుంటారు, వెనకబడ్డవాటికోసం. తల లోపలికి లాక్కున్న మొండిఘటం అందరికన్నా ఆఖర్న వస్తోంది. నిర్ణయం తీసుకుంది కానీ తొందరేం లేదు దానికి. ఆ వెనకాల సూరన్న మేకలు. లారీ ఎక్కకుండా, సొంత కాళ్ళమీద, అట్టముక్కలు నములుకుంటూ. ఎదురొచ్చే బస్సు ఆగిపోయింది. కండక్టరు దిగి, "ఏటండిది, ఊరేగింపా?" అన్నాడు.

"పాదచారులం!" అని గర్వంగా అన్నాడు సూరన్న.

వంతెన దిగగానే మండలి హద్దు అయిపోయింది. పిల్లల్ని గంపల్లోకి ఎత్తి వ్యానులో పెట్టారు. అన్నీ వచ్చాయి. పళ్ళాలమ్మ చయనులుగారికి చేతులెత్తి దండం పెట్టింది. ఆయన, దారిలో మొరాయిస్తే జేబులో వేసుకొచ్చిన మొండిఘటాన్ని తీసి గంపలో వేశారు.

కమిషనర్‌గారు వచ్చేసరికి చెక్‌పోస్టులో ఒక్క దరఖాస్తుదారుడూ లేడు. ఒక్క ఫిర్యాదూ లేదు. పచ్చ బల్బు వెలుగుతోంది. ఆయన పరమానందభరితులై నిశ్చింతకు శాలువా కప్పారు. మిగతా చెక్‌పోస్టులన్నింటికీ ఒక్కో నిశ్చింతను ఇమ్మన్నారు. చయనులుగారు ఇంకా అందుబాటులోకి రాలేదు. రోజూ ఆఫీసుకు వెళ్ళొస్తూనే ఉన్నారు. ఇంటికి వెళ్ళే ముందు వంతెన దాటొచ్చి పళ్ళాలమ్మ పాక దగ్గర ఓ అరగంట కూర్చుంటారు. ఏసుపాదం కుర్చీ మళ్ళీ గోడవైపు తిప్పలేదు.

బాతులు పెరిగాయి. పొద్దున్నే కోసిన చేలల్లో పడి, సాయంత్రం దాకా గింజలు ఏరుకుంటాయి. పొద్దు వాలేవేళ పళ్ళాలమ్మ కాలవగట్టుమీదికొచ్చి నిలబడుతుంది. వెన్ను నిటారుగా పెడుతుంది. ఎటూ చూడదు.

"మండలి సేవలన్నీ సజావుగా నడుస్తున్నాయి!" అని కేకేస్తుంది. "దయచేసి వేచి ఉండండి!"

ఒక్క బాతూ వేచి ఉండదు. రెక్కలు విదుల్చుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ, గట్టంతా గోల చేసుకుంటూ పరిగెత్తుకొస్తాయి.